క్వాసీ గారి పియానోకు నేను చేసిన మరమ్మతు

రంగూన్‌లో ఉంటున్న మా మేనత్త కూతురు గౌరి వదిన రాసిన ఉత్తరం కలకత్తాలో నా చేతికి వచ్చేసరికి నలభై రోజుల పాతది. మేడ మీద ఉండే క్వాసీ గారి చేతులు వణుకుతున్నాయనీ, ఆయన కట్టిన పదకొండు పాటల్లో ఒక్కటీ కాగితం మీద లేదనీ రాసింది. పియానోకు తీగలు తెగాయి, అక్కడ దొరకవు. ఆ చేతులు పూర్తిగా పడిపోకముందే తీగలూ టేపు రికార్డరూ పట్టుకుని రమ్మంది.

క్వాసీ గారు ఆఫ్రికావాడు. రెండో ప్రపంచయుద్ధంలో గోల్డ్ కోస్ట్ నుంచి సైనికుడిగా వచ్చి, బర్మా అమ్మాయిని పెళ్లాడి అక్కడే ఉండిపోయాడు. నేను పియానోలు శ్రుతి చేసేవాణ్ణి. ఇరవై రెండేళ్ల అనుభవం. నా చెవి మీద నాకున్న గర్వం గురించి ముందే చెప్పుకోవాలి. ఈ ప్రయాణం చెడింది దానివల్లే.

బర్మాలో జనం సైన్యం పాలన మీద తిరగబడ్డ రోజులవి. వీసా ఏడు రోజులకే ఇచ్చారు. ఉదయం పదకొండుకు దమ్‌దమ్‌లో విమానం ఎక్కాను. విమానంలో సగం సీట్లు ఖాళీ. పక్కనున్న టేకు వ్యాపారి నన్ను ఎగాదిగా చూశాడు. "అందరూ బయటికొస్తుంటే మీరు లోపలికెళ్తున్నారా?" అన్నాడు. రెండున్నరకు రంగూన్ విమానాశ్రయం మింగళాడోన్‌లో దిగాను. సమ్మె వల్ల బస్సులు లేవు. కొంతదూరం పికప్ ట్రక్కులో నిలబడి, తర్వాత సైకిలుకు పక్కసీటు కట్టిన సైకాలో సందుగొందులు తిరుగుతూ వదిన ఉండే చిమిండైంగ్ పేట చేరేసరికి అయిదయింది. బజారు తలుపులన్నీ మూసి ఉన్నాయి.

వదిన నా ముందు చేపల పులుసులో సేమ్యా లాంటిది వేసిన మోహింగా గిన్నె పెట్టి చెప్పింది. "ఊ క్వాసీ లేరు. పక్కింటి టీచరమ్మకి తూటా తగిలింది. ఆస్పత్రికి తీసుకెల్లినారు. కర్ఫ్యూ ఏసీసినారు, రేపు గానీ రాలేరు." అక్కడ పెద్దవాళ్ల పేరుకు ముందు 'ఊ' చేరుస్తారు. "సూర్రావూ, ఇను. ఆయనొచ్చీదాకా తీగలు మార్సు, అంతే. ఇంకేటీ ముట్టుకోకు."

మర్నాడు ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా తీగలు మార్చేశాను. అప్పుడు మెట్లు వరసగా నొక్కి చూశాను. గాంధారం దిగి ఉంది, మధ్యమం ఎక్కి ఉంది, నిషాదం మళ్లీ దిగి ఉంది. అట్టడుగు స్థాయి ఒక్కటీ వదిలేస్తే, ప్రతి స్థాయిలోనూ అవే స్వరాలు, అదే వరస. నలభై ఏళ్ల చెమ్మ ఇంత పద్ధతిగా పాడుచేయదని నాకు తట్టి ఉండాలి. తట్టింది కూడా. అయినా ఆగలేదు.

శబ్దం విని వదిన టీ పట్టుకుని పైకి వచ్చింది. "ఏటి సూర్రావూ, తీగలే అన్నాను గదా?"

"బాగుచేస్తున్నాను వదినా."

"బాగు నీకా, ఆయనకా?"

నవ్వేశాను. మూడింటికి ఎనభై ఎనిమిది మెట్లూ నా శ్రుతి ఫోర్కుకు సరిపోయాయి.

నాలుగింటికి ఆయన వచ్చాడు. పొడవాటి మనిషి, లుంగీ, చొక్కా మీద ఎండిన రక్తం. టీచరమ్మ బతికిందన్నాడు. ఆ పేటలో మన రేవు కూలీల మధ్య నలభై ఏళ్లున్నాడేమో, తెలుగు మా వాళ్లలాగే మాట్లాడాడు. చేతులు కడుక్కుని కూర్చుని, కళ్లు మూసుకుని వాయించాడు. పది క్షణాలు కూడా కాలేదు. వేడి పెనం తాకినట్టు చేతులు తీసేశాడు.

"ఏటి సేసినావయ్యా?"

"శ్రుతి చేశానండి."

"శ్రుతిలోనే ఉన్నాది గదా."

అప్పుడు చెప్పాడు. పియానోను శ్రుతి చేసింది ఆయన మామగారు, బర్మావాడు. నాటకాల కంపెనీలో చుట్టూ డోళ్లు పేర్చుకుని మధ్యలో కూర్చుని వాయించేవాడట. అన్నం, బూడిద కలిపిన ముద్ద డోళ్లకు అతికించి శ్రుతి చేసేవాడట. ఆ డోళ్ల స్వరాలకే ఈ తీగలు బిగించాడు. ఆయన పోయాడు, డోళ్లూ పోయాయి. ఆ శ్రుతి మిగిలింది ఈ పెట్టెలో. నేను ఆరుగంటల్లో దాన్ని చెరిపేశాను.

వదిన నా టీ గ్లాసు తీసుకుని కిందికి వెళ్లిపోయింది.

క్వాసీ గారు లేచి పియానో పైమూత ఎత్తిపెట్టి అన్నాడు. "నానే పాడతాను. నువ్వు తిప్పు."

మూడు రోజులు అదే పని. ఆయన ఒక్కో స్వరం గొంతులో పట్టుకుని నిలిపేవాడు. నేను తీగ బిగించే పిన్నును తాళంతో వెంట్రుకవాసి తిప్పేవాణ్ణి. "ఎక్కువయింది. దింపు. ఇంకా. ఆఁ." మధ్యలో నీళ్లు తాగుతూ తన కథ చెప్పాడు. ఊళ్లో మిషను బడి హార్మోనియం. ఇక్కడి అడవుల్లో నెత్తిన మందుగుండు పెట్టెలు. తర్వాత సినిమాలకు పియానో. సైన్యం గద్దెక్కి దేశం తలుపులు మూశాక క్లబ్బులు పోయాయి, తెల్లవాళ్లు పోయారు. ఈయన ఈ మేడ మీద కూర్చుని, తన ఊరి చెక్కపలకల వాద్యం పోకడ ఎడమచేతికీ బర్మా డోళ్ల పోకడ కుడిచేతికీ ఇచ్చి పాటలు కట్టుకున్నాడు. "రాయలేదేం?" అన్నాను. "ఆ తెల్లోల్ల అయిదు గీతల మీద రాస్తే నీలాంటోడు దిద్దీసుండును," అన్నాడు.

నాలుగోరోజు పదింటికి కింద ఊరేగింపు వచ్చింది. నినాదాలు, ఆ వెంటనే తుపాకులు. వదిన నా కాలరు పట్టి నేలమీదికి లాగింది. శబ్దం ఆగాక కిటికీలోంచి చూశాను. వీధినిండా చెప్పులు, మనుషులు లేరు. ఒక ముసలమ్మ వచ్చి వాటిని జతలుగా పేర్చసాగింది. నాకు తాళం పట్టు చిక్కలేదు.

"నీ సేతులూ వణుకుతన్నాయే," అన్నాడు క్వాసీ గారు. "ఇప్పుడిద్దరం ఒకటే. తిప్పు."

మధ్య, పై స్థాయిలు వచ్చాయి. అట్టడుగు స్థాయి మామగారు పెద్ద డోళ్లకు పెట్టింది, దాని తీరే వేరు. అంత కిందికి ఆయన గొంతు దిగలేదు. ఆ మెట్లు నా శ్రుతిలోనే ఉండిపోయాయి. పదకొండు పాటల్లో ఏడింటికి అవి కావాలి. ఆరోరోజు ఉదయం, వణుకు కాస్త నెమ్మదించిన వేళ, మిగిలిన నాలుగూ వాయించాడు, నేను టేపు చేశాను. ఒకచోట అలవాటుకొద్దీ ఎడమచెయ్యి అడుగు మెట్టు మీద పడింది. ఆయన మొహం ముడుచుకుంది గానీ ఆపలేదు.

సెలవు తీసుకుంటూ క్షమించమన్నాను. "మావగోరుంటే నీసేత అన్నం, బూడిదా పిసికించును," అన్నాడు. అంతే. క్షమించానని అనలేదు.

మీలో ఎవరైనా పరాయి ఊరికి పనిమీద వెళితే, పనిముట్లు తీసేముందు ఇంటివాళ్లు వచ్చేదాకా కూర్చోండి. నేను కూర్చోలేదు.

ఏడోరోజు మింగళాడోన్‌లో సిపాయి క్యాసెట్టును వెలుగుకు పెట్టి చూసి తిరిగిచ్చాడు. దమ్‌దమ్‌లో కస్టమ్స్ ఆయన ఊరుకోలేదు. విని తీరాలన్నాడు. నా రికార్డరులోనే పెట్టి, బల్లమీద వేళ్లతో తాళం వేస్తూ, మొహం చిట్లించుకుంటూ చాలాసేపు విన్నాడు. తానూ హార్మోనియం వాయిస్తాడట.

"ఏం పియానో అయ్యా ఇది? ఇంతసేపట్లో ఒక్కటే స్వరం సరిగ్గా పలికింది. ఆ అడుగున, ఒకేసారి."

"అవునండి," అన్నాను. "అది నేను పెట్టింది."