బైపాస్ తెరవని మనిషి

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను ముక్కక్క అంటారు. ఏ పైపు ఎక్కడ కారుతోందో మీటరు కన్నా ముందే పసిగడుతుందని ఆ పేరు. పద్నాలుగేళ్లుగా ఆమె పని రెండు పొడవాటి స్తంభాల దగ్గర. ముడి చమురు శుద్ధి చేయగా మిగిలిన కంపునీళ్లు అక్కడికి వస్తాయి. ఆవిరి పట్టిస్తే మొదటి స్తంభంలో కుళ్లిన గుడ్ల వాసన కొట్టే విషవాయువు విడిపోయి గంధకం తయారీకి పోతుంది. రెండోదాంట్లో అమ్మోనియా విడిపోయి ఎరువులకు పోతుంది. అడుగున మిగిలిన నీళ్లే కాలవలోకి వదలాలి.

ఆ సోమవారం పొద్దున రెండో స్తంభం మొరాయించింది. పై గొట్టం చల్లబడి, లోపల తెల్లటి ఉప్పు గడ్డకట్టి దారి మూసుకుపోయింది. మేనేజరు ఉరుకులు పరుగుల మీద వచ్చాడు.

"బైపాస్ తెరువు. నీళ్లు తిన్నగా కాలవలోకి పోనీ."

"కాలవలో పూడిక తీసేవాళ్లు ముగ్గురు దిగి ఉన్నారు సార్."

"పైకి రమ్మని చెప్తాలే."

"చెప్పారా?"

"చెప్తానన్నాగా!"

"వాళ్లు పైకొచ్చినా తెరవను. ఈ నీళ్లు ఎక్కడికి పోతే అక్కడ చావే. వెనక ట్యాంకు ఖాళీగా ఉంది, అందులోకి మళ్లిద్దాం. ఈలోగా గొట్టం కడిగేస్తాం."

"రేపు ఆ ట్యాంకు తనిఖీ ఉంది. ఖాళీగానే ఉండాలి!"

ఆమె బైపాస్ వాల్వు చక్రానికి గొలుసు చుట్టి, తన తాళం బిగించి, గోడ మీది కాగితం చూపించింది. "వేసినవాళ్లే తాళం తీయాలి. రూలు మీదే, కింద సంతకమూ మీదే."

"ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడితే ఊడనివ్వండి. తాళం మాత్రం ఊడదు."

మేనేజరు ముసలి ఫిట్టరు వైపు తిరిగి గొలుసు కోసెయ్యమన్నాడు. ఫిట్టరు కొత్త కట్టరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పదును లేదు సార్," అని దాన్ని వెనక్కి పెట్టేశాడు. మేనేజరు మొహం కందగడ్డ చేసుకుని వెళ్లిపోయాడు.

"బాబాయ్, ట్యాంకు లైను తెరువు," అంది ముక్కక్క. మాస్కులు తగిలించుకుని ఇద్దరూ గొట్టానికి వేడినీళ్లు పట్టించారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఉప్పు కరిగింది, స్తంభం దారికొచ్చింది.

మాట విననందుకు సంజాయిషీ అడుగుతూ మర్నాడే నోటీసు వచ్చింది. "క్షమాపణ రాసిచ్చేస్తే పోతుందిగా," అన్నాడు బస్సు డ్రైవరైన ఆమె మొగుడు, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

"తప్పు చేసినవాళ్లు రాస్తారు," అని ఆమె జవాబు మూడు ముక్కల్లో రాసింది. 'మనుషులున్న కాలవలోకి విషం వదలమన్నారు. వదల్లేదు. మళ్లీ చెప్పినా వదలను.' పూడిక తీసేవాళ్లు ముగ్గురూ దాని కింద సంతకాలు పెట్టారు.

ఆరు వారాలు ఆమెను గోడౌన్లో నట్లు లెక్కపెట్టమని కూర్చోబెట్టారు. అన్నాళ్లూ స్తంభాలు ఎవరి మాటా వినలేదు. చివరికి మేనేజరే గోడౌన్ గుమ్మం దాకా వచ్చాడు.

"రేపట్నుంచి నీ చోటికి వచ్చెయ్యమ్మా."

"వస్తా. ముందు ఆ బైపాస్ పైపు కోసి, మూత పెట్టి వెల్డింగ్ చేయించండి."

ఆయన గొణుగుతూనే ఒప్పుకున్నాడు. రెండో రోజు నిప్పురవ్వలు ఎగురుతుంటే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, చివరి అతుకు పడేదాకా అక్కడే నిలబడింది.