బక్కమ్మ దాటని మనిషి

పేరుకే బక్కమ్మ. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. కంది పొలాల్లో కూలి పని తగ్గాక పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో చేరింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సూపర్‌వైజర్ బాపిరాజు ఆమెను దెప్పేవాడు.

పడుకున్న మనిషిని దాటకూడదని మనకందరికీ చిన్నప్పుడే చెబుతారు. ప్రాణం మీదికొస్తే ఎవరికి గుర్తుంటుంది! ఒకసారి షెడ్డులో గ్యాస్ లీకై బక్కమ్మ గుమ్మంలో పడిపోతే, అందరూ ఆమెను దాటుకుంటూ ఉరికారు. తోటి పనిమనిషి కాదు, పక్కనే పనిచేసే రాజవ్వ ఒక్కతే వెనక్కొచ్చి, జుట్టు పట్టి బయటికి ఈడ్చింది. ఆ తర్వాత బక్కమ్మ నిద్రపోయే పసిపిల్లను కూడా దాటి ఎరగదు.

రెండువేల ఎనిమిదిలో యూనివర్సిటీ నుంచి సుమిత్ర అనే పరిశోధకురాలు వచ్చింది. ఆమె తెచ్చిన బరువైన పెట్టెను తలకు తగిలించుకుంటే, కంప్యూటర్ కల్పించిన ఫ్యాక్టరీ కళ్ల చుట్టూ నిజంలా నిలబడుతుంది. అందులో మంటలు లేస్తాయి. ఆ లేని లోకంలో మనుషులు ఎలా నడుచుకుంటారన్నదే ఆమె పరిశోధన. బాపిరాజు బుద్ధి ఊరుకుంటుందా? త్వరగా బయటపడ్డవాళ్లకే ఇక పని, మిగతావాళ్లు ఇంటికేనన్నాడు.

బక్కమ్మ పెట్టె తగిలించుకుంది. మంట, పొగ, తలుపు. తలుపుకు అడ్డంగా ఓ మనిషి బోర్లా పడున్నాడు. అంతకుముందు వచ్చినవాళ్లంతా వాణ్ణి దాటిపోయారు. బక్కమ్మ ఆగింది. వంగి భుజాలు పట్టబోతే చేతులకు గాలే తగిలింది.

"దాటవమ్మా! అది ఉత్త బొమ్మ!" అని కంప్యూటర్ తెర మీద చూస్తూ అరిచాడు బాపిరాజు.

"బొమ్మైతేంది సారూ? నేను గిట్లనే పడ్డ. నన్ను దాటిపోయిండ్రు. నేను దాట."

"అయితే రేపటి నుంచి పనికి రావద్దు."

పని పోతే పొయ్యి వెలగదని బక్కమ్మకు తెలుసు.

"రాను తియ్. ఏం జేస్కుంటవో జేస్కో!"

పెట్టె తీసి సుమిత్ర చేతిలో పెట్టింది. "ఇందులో పాసూ ఫెయిలూ లేవండీ," అని సుమిత్ర చెప్పబోయింది. బాపిరాజు వినలేదు. రాజవ్వను పిలిచాడు.

"నా తీరు సూడకు. దాటిపో," అని బక్కమ్మ ఆమె చెవిలో చెప్పింది.

రాజవ్వ చూసేదంతా కంప్యూటర్ తెర మీద అందరికీ కనిపిస్తోంది. తలుపు దగ్గర ఆమె ఆగింది. వంగి, ఆ పడ్డవాడి జుట్టు కోసం తడిమింది. దొరకలేదు. అక్కడే చతికిలబడింది.

"ఇంకొకల్ని పిల్వుండ్రి సారూ. ఇద్దరం లేపితె లేస్తడు."

బక్కమ్మ కొంగు నడుముకు చెక్కి, వెళ్లి ఆ ఖాళీ నేలకు అవతలి పక్కన కూర్చుంది.