కోరస్‌లో గొంతు

కిటికీ లేని ఆ గదిలో ఆయన పదకొండేళ్లుగా పాటల్లోంచి గొంతులు తీసేస్తున్నాడు, జనం కరోకేలో పాడుకోవడానికి. గొంతు తీసినా పాటలో గాయకుడి ఊపిరి మిగులుతుంది. దాన్ని బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి, మీట నొక్కి చెరిపేస్తాడు. ఇంట్లో భార్య గొంతు పెంచితే ఆయన వేలు బల్లమీద లేని మీట నొక్కుతుంది. "నన్నూ తీసేస్తారా ఏంటి?" అంటుందామె.

ఒకరోజు యజమాని, అంటే బావమరిదే, తలుపు తోసి, "బావా, ఈ పాత పాటలో కోరస్ ఉంచు. కానీ అందులో ఎవడో గొంతు చించుకుంటున్నాడు, వాణ్ణి తీసెయ్" అన్నాడు. ఆయన విన్నాడు. ఆ గొంతు తనదే, ఇరవై రెండేళ్ల వయసులో పాడింది. రికార్డుకెక్కిన ఒకే ఒక్క పాట.

"ఎవరో కుర్రాడులే" అని తీసేశాడు.

"ఇప్పుడు బాగుంది. ఇక ఎవరైనా పాడుకోవచ్చు" అంటూ బావమరిది వెళ్లిపోయాడు.

పాడదామని ఆయన నోరు తెరిచాడు. ముందు తన ఊపిరి వినిపించింది. వేలు అలవాటుగా మీట మీదికి పోయింది.