రాదని చెప్పడానికి వెళ్లిన మనిషి

వరద తీసిన పొలంలో బురద ఎండేటప్పుడు ఒక వాసన వస్తుంది. కుళ్లిన వరి, చచ్చిన చేపలు, నానిన గడ్డి కలిసిన వాసన. నిన్న సాయంత్రం వాగు ఒడ్డున జీపు దిగగానే అది ముక్కుకు తగిలింది. ప్రసాదరావు గారు గుర్తొచ్చారు. వ్యవసాయ శాఖలో నా మొదటి పై అధికారి ఆయన.

నేను కాటారంలో ఉద్యోగంలో చేరేనాటికి తెలంగాణ ఉద్యమం ఊరూరా సాగుతోంది. ఆయనది కోనసీమలో గోదావరి లంక గ్రామం. భార్యాపిల్లలు అక్కడే ఉండేవారు. ఆఫీసులో ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు కానీ, టీకి వెళ్లేటప్పుడు పిలవడం మానేశారు. మధ్యాహ్నం కిటికీ దగ్గర ఒక్కరే క్యారియర్ విప్పుకునేవారు. తొర్రూరు నుంచి వచ్చి అద్దె గదిలో ఒంటరిగా ఉంటున్న నేనూ నా డబ్బా అక్కడే విప్పుకునేదాన్ని. మాటలు మాత్రం తక్కువే.

ఉద్యోగులమంతా సమ్మెలో ఉన్నప్పుడు వాగు పొంగింది. పంట నష్టం అంచనా వేసే నాథుడు లేడు. ఆలస్యమైతే ఆనవాళ్లు కూడా మిగలవు. ఒక ఉదయం ఆయన నేరుగా సమ్మె శిబిరానికి వచ్చారు. డప్పు ఆగిపోయింది.

"హాజరు సంతకం పెట్టొద్దు, జీతం అడగొద్దు. కానీ పొలాలు చూసి రాసేద్దామండీ. ఇప్పుడు చూడకపోతే రైతుకి ఏమీ రాదు," అన్నారు.

శిబిరం నడిపిస్తున్న మల్లేశన్న లేచాడు. "మా సమ్మె చెడగొట్టనీకె వచ్చినవా సార్?"

"చెడగొట్టాలంటే ఆఫీసు తలుపు తీసేవాణ్ణి. మిమ్మల్ని అడగడానికి వచ్చేవాణ్ణి కాదు."

మల్లేశన్న తిరిగి కూర్చున్నాడు. "పోండ్రి. మునిగినోళ్లు మనోళ్లే గద," అన్నాడు. ఆయనతో వెళ్లడానికి మాత్రం నేనొక్కదాన్నే లేచాను.

వాగవతల లచ్చవ్వ కౌలు పొలం ఉండేది. భర్త పోయాక ఒంటి చేత్తో సాగు చేస్తోంది. నీళ్లు తీశాక వరి మళ్లీ పచ్చగా నిలబడింది. సగానికి మించి పోతేనే నష్టం కింద రాయాలన్నది నిబంధన. ఆయన యాస వినగానే ఆమె మొహం తిప్పుకుంది.

"ఆంధ్ర సారువు నువ్వు. మా గోస నీకేం ఎరుక?"

"ఈ నీళ్లు గోదాట్లో కలిసి మా ఊరికే వస్తాయమ్మా. మా నాన్న చేనూ ఇలాగే మునిగేది," అంటూ చెప్పులు విప్పి బురదలోకి దిగారు. ఒక వెన్ను తుంచి గింజ నొక్కారు. పాలు లేవు. పూత మీద ఉన్నప్పుడు మునిగింది. మడి నలుమూలలా తిరిగి చూసి, "పైకి పచ్చన, లోపలంతా తాలే. మొత్తం పోయినట్టు రాయమ్మా," అన్నారు నాతో. అంతవరకూ బిగబట్టుకున్న లచ్చవ్వ గట్టు మీద కూలబడి ఏడ్చింది.

నష్టపత్రంలో కౌలురైతుకు చోటు లేదు. పట్టాదారు పేరు పక్కన ఆయన ఆమె పేరు కూడా రాశారు. దానికోసం జిల్లా కేంద్రం చుట్టూ తిరిగారు. నెలల తర్వాత పరిహారం వచ్చింది, చాలామందికి అందింది. లచ్చవ్వ పేరు మాత్రం పై ఆఫీసులో కొట్టేశారు. డబ్బు పట్టాదారుకు చేరింది, అతను ఇవ్వనన్నాడు.

అప్పటికి ఆయనకు సొంత జిల్లాకు బదిలీ అయింది. వెళ్లే ముందు రోజు, "లచ్చమ్మకి చెప్పి రావాలి," అన్నారు.

"ఎవరో ఒకరు చెప్తరు గద సార్," అన్నాను.

"పోయిందని రాసింది నేను. రాదని చెప్పాల్సిందీ నేనే."

ఆమె ఎవరి చేనులోనో కూలికి పత్తి ఏరుతోంది. ఆయన చెప్పింది నిలబడి విన్నది. తిడుతుందనుకున్నాను. చేతిలోని పత్తి ఒడిలో వేసుకుని, "రాదని చెప్పనీకె గింత దూరమొచ్చినవా సారూ?" అంది. "కూసోండ్రి. జర నీళ్లు తాగి పోండ్రి."

మర్నాడు బస్టాండులో ఆయన్ని సాగనంపడానికి నేను తప్ప ఎవరూ రాలేదు.

రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు ఆ అంచనాలు నేను వేస్తున్నాను. పరిహారం పంచే రోజు వేదిక మీద నాయకులకు చోటు చాలదు. డబ్బు రాని వాళ్ల ఇళ్లకు మాత్రం నేనొక్కదాన్నే వెళ్తాను. కొందరు తిడతారు, కొందరు తలుపు వేసుకుంటారు. గడప ముందు నిలబడి, పేరు పెట్టి పిలిచి, రాలేదని చెప్తాను. ఆ తర్వాత వాళ్లు ఏమన్నా సరే, వాళ్ల మాట అయిపోయేదాకా అక్కడి నుంచి కదలను.