తాగిన నేల, మింగిన నెర్రె

కర్నూలు పక్క కల్లూరులో మా గది ఎదుట కొత్త ఇల్లు లేస్తోంది. ఈ ఉదయం చెక్క మీద సమ్మెట పడిన చప్పుడు విని, టీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇనుప వలయాలను నేలలోకి దింపేటప్పుడు దేవదానం అన్న కొట్టే తీరు అచ్చం ఇదే. మూడు దెబ్బలు, ఆగి మట్టం చూసుకోవడం, మళ్లీ మూడు.

ఆయన మా మట్టి పరీక్షల కార్యాలయంలో సహాయకుడు. నేను అప్పుడే చదువు ముగించి చేరిన ఇంజనీరును. ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు వలయాలు, స్కేలు, స్టాప్‌వాచ్, నాలుగు బిందెల నీళ్లు. వలయంలో పోసిన నీటి మట్టం ఎంత త్వరగా తగ్గితే నేల అంత బాగా ఇంకించుకుంటున్నట్టు. అంతకు మించి తెలుసుకోవలసింది ఉందని నాకు తోచలేదు.

ఆ వేసవిలో ఆలూరు వైపు ఒక ఊళ్లో లక్ష్మమ్మ చేనుకు వెళ్లాం. వాన నీళ్లు చేను కోసుకుపోతున్నాయని, నీటికుంట తవ్వించమని ఆమె అర్జీ పెట్టుకుంది. నల్లరేగడి నేల, ఎండకు నెర్రెలు విచ్చి ఉంది. పోసిన నీళ్లు పోసినట్టే లోపలికి పోయాయి. ‘నేల బాగా ఇంకించుకుంటోంది, కుంట అవసరం లేదు’ అని రాశాను.

“ఏం రాస్తివప్పా?” అన్నాడు దేవదానం అన్న. చదివి వినిపించాను.

“నేల యాడ తాగినాదప్పా? నెర్రె మింగినాది.”

“ఏదైతేనేం అన్నా, నీళ్లు లోపలికే కదా పోయింది?”

“ఇప్పుడు పోతాది. తొలి వానకు నెర్రెలు మూసుకుంటాయి. రెండో వానకు చుక్క దిగదు. అప్పుడొచ్చి చూడు, చేనంతా కాలవే.”

గట్టు మీద కూర్చున్న లక్ష్మమ్మ నవ్వింది. “సారు రెండో వానకు యాడొస్తాడన్నా? బురదలో బూట్లు దిగబడితే పీకేదెవరు?”

నాకు ఒళ్లు మండింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. జీపు ఎక్కాక అన్న నెమ్మదిగా అన్నాడు. “ఆయమ్మకు ఉండేది ఈ రెండెకరాలే. నీ రాతతోనే కుంట పోతాది.”

ఊరు దాటకముందే జీపు వెనక్కి తిప్పించాను. వలయాలు మళ్లీ దింపి, సాయంత్రం దాకా ఆ చోటును నానబెట్టాం. లక్ష్మమ్మే బిందెలు మోసింది. మర్నాడు పొద్దున చూస్తే నెర్రెలు పూడిపోయి ఉన్నాయి. వలయంలో మళ్లీ నీళ్లు పోసి, గంటసేపు ముగ్గురం వంగి చూస్తూ కూర్చున్నాం. నీటి మట్టం స్కేలు మీద ఒక్క గీత కూడా దిగలేదు.

అన్న గెలిచిన మొహం పెట్టలేదు. పెన్ను తీసి నా చేతికిచ్చాడు. “నీ రాత నువ్వే కొట్టెయ్యాలప్పా.”

కొట్టేసి, కింద కొత్తగా రాశాను. ఆ ఏడాదే కుంట తవ్వారు.

అన్న ఉద్యోగ విరమణ చేసి సొంతూరు వెళ్లిపోయాడు. నేను మాత్రం ప్రతి రేగడి చేనులోనూ రెండు కొలతలు తీస్తాను, ఎండినప్పుడొకటి, నానాకొకటి. రోజు వృథా అని పై అధికారి విసుక్కుంటాడు. నా నివేదికలో కొట్టివేత కనిపిస్తే కొత్తగా చేరినవాళ్లు శుభ్రంగా తిరగరాసి తెస్తామంటారు. వద్దంటాను. కొట్టేసిన మాట కూడా కనబడుతూ ఉండాలి.