పుట్ట తీర్థం

మా ఊరి పుట్ట నేను పుట్టకముందు నుంచే కంపు కొడతా ఉండిందంట. కుందారపల్లి దాటినాక హైవే దిగి లోపలికొస్తే మా ఊరు, ఊరి బయట రాగి చేన్ల గట్టు మీద ఆ పుట్ట. ప్రతి శుక్రవారం ఆడోళ్లు దాని నెత్తిన పాలు పోసి, బొక్కలోకి కోడిగుడ్లు జారవిడిచి, పసుపూ కుంకమా చల్లి పోతారు. లోపల ఆ పాలు పులిసి, గుడ్లు మురిగి, ఎండాకాలం మధ్యాహ్నం ఒక వాసన లేచేది. అది హైవే ఎక్కి, లారీలనన్నిటినీ దాటుకొని, కర్ణాటక సరిహద్దులో జూజువాడి చెక్‌పోస్టు దాకా పోయి, పర్మిట్టు లేక ఆడ నిలబడిపోయేది. లేకుంటే కర్ణాటక మొత్తం ఖాళీ అయ్యుండేది.

ఆ కంపు ఇచ్చిన వరమే నేను. పెండ్లయి చానా ఏండ్లు మా అమ్మకి పిల్లల్లేరు. పుట్ట చుట్టూ తిరిగి, పుట్ట తీర్థం తాగినాకే నేను పుట్టినానని ఊరంతా చెప్పుకునేది. దాంతో నాకు చిన్నప్పట్నుంచీ రాజభోగం. దుత్తలో మీగడ నాది. లెక్కల్లో సున్నా వస్తే, "నాగదేవుని బిడ్డకి లెక్కలెందుకప్పా" అనేవాళ్లు. అయ్యవారు బెత్తం ఎత్తి, నా మొహం చూసి, పక్కోణ్ణి కొట్టేవాడు. ఇంత సుఖమైన నమ్మకాన్ని ఏ తలకాయున్నోడైనా వదులుకుంటాడా?

తీర్థం అంటే ఏమిటో చెప్పాల. పైన పోసిన పాలు లోపలంతా తిరిగి, కింద ఒక నెర్రెలోంచి రాతి తొట్టిలోకి కారతాయి. ఆకుపచ్చా కాదు, పసుపూ కాదు, ఆ రంగుకి ఇంకా ఏ భాషలోనూ పేరు పెట్టలేదు. పైన ఈగల దుప్పటి. ఈగలు తోలి, గిన్నెతో ముంచి, పిల్లలు కావాల్సినామె పరగడుపున తాగాల.

తొంభైల్లో నాకు పెండ్లయింది. హోసూరులో ఫ్యాక్టరీ పని, రోజూ బస్సు ప్రయాణం. కొన్నేండ్లు చూసి, పిల్లల్లేరని మా అమ్మ నా భార్యను శుక్రవారం శుక్రవారం పుట్ట కాడికి తీసకపోవడం మొదలుపెట్టింది. శుక్రవారం తాగితే ఆదివారం దాకా కక్కులూ బేదులూ. మనిషి ఎండిన మునక్కాయ మాదిరి అయిపోయింది. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, మంచం మీద కూర్చొని చెప్పేవాణ్ణి: "నమ్మకం ఉండాల. నమ్మకం లేని కడుపు అట్లనే తిప్పుతుంది."

ఒకనాడు ఆమె గోడకానుకొని లేచి నిలబడి, "ఏమప్పా నాగదేవుని కొడుకా, వచ్చే శుక్రవారం నువ్వు తాగు. అది నీ పుట్టినిల్లే కదా, నీకేం కాదు. నీకు దిగితే నాకూ దిగుతుంది" అనింది.

ఆ మాట మా అమ్మ ఎదురుగానే అనేసింది. తప్పించుకునే దారి లేదు.

ఆ శుక్రవారం పొద్దున్నే ముగ్గురం పోయినాము. మా అమ్మ గిన్నె ముంచి నా చేతికిచ్చింది. అంతలో పుట్ట పై బొక్క కదిలింది. నా ఒళ్లంతా పులకరించింది. నా కన్నతండ్రి దర్శనమిస్తాడని గిన్నెతోనే చేతులు జోడించినాను. బయటికొచ్చింది పందికొక్కు. చిన్న సైజు గొర్రెపిల్లంత ఉంది. మూతికి కుంకం, మీసాలకి పచ్చసొన, వెనక కాళ్ల నుంచి కారతా ఉండే పాలు. మమ్మల్ని ఇంటికొచ్చిన అప్పులోళ్లను చూసినట్ల చూసి, గట్టు మీదే దాని పని కానిచ్చి, మళ్లీ లోపలికి దిగింది.

నా భార్య నవ్వి నవ్వి కింద కూర్చుండిపోయింది. "అత్తా, మా మావకి మీసాలుండాయే!"

"నోరు ముయ్యి పాపా. సామి ఏ రూపంలోనైనా వస్తాడు" అనింది మా అమ్మ. ఆ మాట నాకు పంచామృతంలాగుండింది. కొక్కైనా ఫరవాలేదు, వరం మటుకు నాదే. ఆ ధైర్యంతో కండ్లు మూసి ఒక గుక్క మింగినాను. అది గొంతు దాకా పోయి, లోపల ఎవరో తలుపేసినట్ల ఆగి, ముక్కులోంచి, నోట్లోంచి, నాకు తెలిసి చెవుల్లోంచి కూడా వెనక్కొచ్చింది. ముందరి రోజు ఫ్యాక్టరీ క్యాంటీన్ సాంబారుతో సహా పుట్టకే నైవేద్యం పెట్టినాను.

నా భార్య నవ్వడం ఆపింది. మా అమ్మ నన్ను చూసింది, ఆ పిల్ల బుగ్గలెముకలు చూసింది. గిన్నె తీసుకొని, "ఇట్లియ్యి. నేను తాగలేదా యేంది" అని నోట్లో పోసుకొనింది.

మింగలేదు. బుగ్గలుబ్బించుకొని, కండ్లల్లో నీళ్లు కారతా ఉంటే, పుట్ట చుట్టూ ఒక చుట్టు మొత్తం నడిచింది. మాకు ఎదురుగా వచ్చి, పక్కకు తిరిగి ఉమ్మేసింది. తీర్థాన్ని ఉమ్మేసింది. మా అమ్మ ఒకసారి బాయి కాడ జారి పడినప్పుడు కూడా నేను అంత భయపడలేదు.

కొంగుతో నాలుక తుడుచుకుంటా అనింది: "ఆ కాలంలో అది నాగుబాము వాసన అనుకొని తాగినా. ఇప్పుడు కొక్కు వాసనే వస్తా ఉంది. దేముడు యాడుండాడో నాకు తెల్దు. దీంట్లో లేడు. ఇంక ఆ పిల్లకి ఇయ్యను."

"మరి నేను ఎవరి వరమ్మా?" అన్నాను. నా గొంతు నాకే మీగడ పోగొట్టుకున్న పిల్లోని గొంతుగా వినపడింది.

"ఏమో నాయనా. పుట్టినావు, అంతే."

మా అమ్మ దేముణ్ణి వదల్లేదు. రోజూ పొద్దున మొహం కడుక్కొని, వాకిట్లో తూర్పు దిక్కుగా ఊరికే నిలబడేది. పాల్లేవు, గుడ్లు లేవు, అడగడమూ లేదు. మా ఇంట్లో నాకు మీగడ కూడా లేదు, మజ్జిగ అందరికీ సమంగా వచ్చింది. జరిగిందంతా చెప్పినా, ఊరోళ్లు మాత్రం మాకంటే కొక్కునే ఎక్కువ నమ్మినారు. దాని బొక్కకు పసుపు పూసి, కొత్త తొట్టి పెట్టినారు. ఇప్పుడా కంపు రెండు కంపులైంది.

రెండువేలు దాటినాక, ఆ పుట్ట ఊసు మా ఇంట్లో అందరమూ మరిచినాక, మాకు కూతురు పుట్టింది. చూడ్డానికొచ్చినామె బిడ్డను ఒళ్లో వేసుకొని, "ఏ దేముడిచ్చినాడమ్మా?" అని మా అమ్మనడిగింది.

నేను ఆశగా మా అమ్మ మొహం చూసినాను. ఏదో ఒక పేరు చెప్తే చాలు, బిడ్డకైనా మీగడ దక్కుతుందని.

"తెల్దమ్మా" అనింది మా అమ్మ. "తెల్దు" అని ఇంకోసారి అని, బిడ్డ మూతి తుడిచింది.