సున్నా దగ్గర వదిలేసిన సీక్వెన్స్

పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియోలో నేను ఏడేళ్లు పనిచేశాను. అరచేతిలో పట్టే టేపులు వేసే కెమెరా, డబ్బాలాంటి కంప్యూటర్, అంతే మా సరంజామా. ఆ పనిలో నాకొక పట్టింపు ఉండేది. దాని మీద తగని గర్వం కూడా ఉండేది.

టేపు మీద ప్రతి బొమ్మకూ ఒక నంబరు ఉంటుంది, ఎన్ని గంటలు, నిమిషాలు, సెకన్లు గడిచాయని. దాన్ని టైమ్‌కోడ్ అంటారు. మా కెమెరాలో ఏ టేపు పెట్టినా అది సున్నా నుంచే మొదలయ్యేది. పెళ్లికి మూడు టేపులైతే మూడింటిలోనూ అవే నంబర్లు. అందుకని కంప్యూటర్‌లో ఒక్కో టేపుకు ఒక్కో సీక్వెన్స్, అంటే ఆ టేపు బొమ్మలు వరుసగా పేర్చుకునే పట్టీ, తెరిచి, ముందు దాని నంబర్ల మొదలు మార్చేవాణ్ని. మొదటి టేపుది ఒకటో గంట నుంచి, రెండోది రెండు నుంచి, మూడోది మూడు నుంచి. ఆ తర్వాత నోటుబుక్కులో నంబరు చూస్తే చాలు, అది ఏ టేపో తెలిసిపోయేది. తోటివాళ్లు "ఇంజనీర్ సాబ్" అని ఎగతాళి చేసేవాళ్లు. చేసుకోండి పొమ్మనేవాణ్ని.

మా అన్న పెళ్లికి మాత్రం ఆ పని చేయలేదు. ఇంటి పెళ్లి, షూటింగ్ నాదే, పైగా క్యాసెట్ ఎప్పుడిస్తావని అందరూ ప్రాణం తీస్తున్నారు. మూడు సీక్వెన్సులూ సున్నా దగ్గరే వదిలేసి పనిలో పడ్డాను. భోజనాల దగ్గర అన్న కెమెరా వైపు చూసి, "అరేయ్ తమ్మీ, తిన్నవా లేదా? గా కెమెరా పక్కకు వెట్టి ముందుగాల తిను, సల్లగైతది" అన్నాడు. అందరికీ ఇచ్చే క్యాసెట్‌లో ఆ మాట తీసేసి సినిమా పాట వేశాను, మాట అసలు టేపులోనే మిగిలింది. పెళ్లి వీడియోల్లో అప్పుడు మాటలు ఎవరూ ఉంచేవాళ్లు కాదు, అందరి గొంతుల మీదా పాటలే. ఎందుకో నోటుబుక్కులో మాత్రం రాసుకున్నాను: అన్న మాట, సున్నా గంటల ఇరవై మూడు నిమిషాల పద్నాలుగు సెకన్లు.

రెండేళ్లు తిరక్కుండానే అన్న పోయాడు. భానూరు నుంచి ఫ్యాక్టరీ షిఫ్టుకు సైకిల్ మీద పోతుంటే లారీ గుద్దింది. వదినకు అప్పుడు ఐదో నెల.

దినాలు అయిన మర్నాడు స్టూడియోకు పోయాను. ఓనర్ జోగిపేటలో పెళ్లికి బయల్దేరుతున్నాడు, టేపులు రెండు తక్కువ పడ్డాయి. పాత టేపుల మీదే మళ్లీ తీయడం మాకు మామూలే. ఆయన నా మొహం చూడకుండా అడిగాడు. "మీ అన్న పెండ్లియి మూడున్నయి. ఒకటి నువ్వు వెట్టుకో, రెండు నాకియ్యి. జెర జల్దీ."

అన్న మాట ఏ టేపులో ఉందో కెమెరాలో పెట్టి చూసుకుంటే పావుగంట పని. అడిగితే ఆయన ఆగేవాడే. నాకే ధైర్యం చాలలేదు. తెర మీద అన్న కదులుతుంటే చూడలేక, టేపుకు బదులు నోటుబుక్కు చూశాను. గంటల చోట సున్నా ఉంది. తొందరలో మూడూ సున్నా దగ్గరే వదిలేసిన సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. మొదటి టేపుకు మార్చడం మరిచిపోయి ఉంటాను, మూడింటికీ మరిచేంత మొద్దునా నేను, అనుకున్నాను. మొదటి టేపు ఉంచుకుని మిగతా రెండూ ఇచ్చేశాను. భోజనాల వేళ అన్న మాట మొదటి టేపులో ఎట్లా ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

నాలుగేళ్లకు వదిన బిడ్డను వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చింది. "మీ అన్న మాట్లాడింది ఏమన్న ఉంటే జెర వినిపియ్యి. బిడ్డకు నాయిన గొంతు ఎట్లుంటదో తెల్వది."

"ఉంది వదినా, దాచిపెట్టిన," అన్నాను ధీమాగా.

టేపు పెట్టి, ఇరవై మూడు నిమిషాల పద్నాలుగు సెకన్ల దగ్గర ఆపాను. ఆడవాళ్లు పసుపు దంచుతున్నారు. ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను. ఆఖరికి టేపంతా చూశాం. అన్న ఉన్నాడు, నవ్వుతున్నాడు, ఎవరితోనో ఏదో అంటున్నాడు కూడా. బ్యాండు మేళం తప్ప ఏమీ వినపడదు. అన్న మాట ఓనర్‌కు ఇచ్చేసిన టేపుల్లో పోయిందని అప్పుడు తెలిసింది. చేసిందంతా వదినకు దాచకుండా చెప్పాను. తిడితే బాగుండుననిపించింది.

ఆమె తిట్టలేదు. బిడ్డను బయట కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి వచ్చింది.

"బిడ్డ పేరు చెప్పి నా కోసమే వచ్చిన," అంది. "గొంతు నాకే యాదికొస్తలేదు. మొఖం యాదికొస్తది, నడక యాదికొస్తది. గొంతు వస్తలేదు."

నాకు మాత్రం అన్న మాట పొల్లుపోకుండా గుర్తుంది. అదే చెప్పాను.

"అయితే నువ్వే అను, మీ అన్న లెక్క," అని వదిన కళ్లు మూసుకుంది.

గొంతు సవరించుకుని, అన్న ఎక్కడ ఆగాడో అక్కడ ఆగుతూ, ఎక్కడ నవ్వాడో అక్కడ నవ్వుతూ మొత్తం అన్నాను. చివరిదాకా విని, కళ్లు తెరవకుండానే వదిన తల అడ్డంగా ఊపింది.

"గట్ల కాదు," అంది.